పంతొమ్మిదో ఎక్కం

మా మామయ్యకు దేవుడితో మాట్లాడడానికి ఎంతసేపు పడుతుందో నాకు ఆ వానాకాలంలో తెలిసింది. కంట్లో చుక్క వేసుకున్నాక ఎంతసేపు కళ్ళు మూసుకుని ఉండాలో, సరిగ్గా అంతసేపు.

ఆయనకు నీటికాసులు. కంటిలోపల ఒత్తిడి పెరిగి, చూపును అంచుల నుంచి కొరుక్కుతింటూ వచ్చే జబ్బు. నొప్పీ ఉండదు, చప్పుడూ ఉండదు. పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నది కాపాడుకోవడమే. అందుకని పొద్దున ఒక చుక్క, సాయంత్రం ఒక చుక్క. చుక్క పడగానే కళ్ళు మూసుకుని, ముక్కు పక్కన కంటి మూలను వేలితో నొక్కిపట్టి రెండు మూడు నిమిషాలు కదలకుండా కూర్చోవాలి. లేకపోతే మందు కంట్లో నిలవకుండా గొంతులోకి జారిపోతుంది. మొదట్లో మామయ్య తనే వేసుకునేవారు. సగం చుక్కలు చెంపల మీద పడేవి. "ఏ దుఃఖమూ లేకుండానే ఏడుస్తున్నానమ్మాయ్," అని నవ్వేవారు. మందు అలా వృథా కావడం చూడలేక ఆ పని నేను అందుకున్నాను.

ముందుగదిలో కిటికీ పక్కన ఆయన కుర్చీ, ఎదురుగా నా కుట్టుమిషను. నేను మెడలో టేపు వేసుకునే చుక్క వేసేదాన్ని. ఆయన కళ్ళు మూసుకోగానే పెదవులు కదలడం మొదలయ్యేది. చిన్నప్పుడు వాళ్ళమ్మ నేర్పిన ప్రార్థన అది. పైకి ఒక్క మాట వినపడదు. బయట వాన, లోపల ఆ పెదవులు, రెండూ ఒకేసారి నడిచేవి. ఆ కాసేపూ నేను మిషను తొక్కేదాన్ని కాదు. భక్తి ఉండి కాదు, చేతిలో మందు సీసా ఉండి.

నిజం చెప్పాలంటే అప్పటికి ఏడాదిగా మా ఇద్దరి మధ్య అవసరమైన మాటలు తప్ప వేరే మాటలు లేవు. మా అమ్మ ఆఖరి రోజుల్లో వైద్యం కోసం మా ఇంటికే వచ్చింది. ఆమె పోయిన రోజు మామయ్య నా పక్కన నిలబడి, "దేవుడు తనకు ఇష్టమైనవాళ్ళను ముందుగా పిలుచుకుంటాడమ్మా," అన్నారు. ఓదార్పుగానే అన్నారు. నాకు మాత్రం ఆ మాట గొంతులో ముల్లులా దిగింది. అంత ఇష్టమైతే ఆమెను అన్నాళ్ళు అంత బాధపెట్టడమెందుకు? అడగలేదు. పెద్దాయన, పైగా మామగారు. అడగలేక ఊరుకున్నాను, ఊరుకుని ఊరుకుని మాట్లాడడమే మానేశాను. ఆయనకు కారణం తెలియదు. కోడలి తీరే అంత అనుకున్నారు.

మా ఆయన రైల్లో గార్డు. వారంలో సగం రోజులు ఇంట్లో ఉండడు, ఉన్న రోజుల్లో ఏదో ఒకటి బాగుచేసి పెడతానని బయలుదేరతాడు. వానలు మొదలవుతూనే వాళ్ళ నాన్న దిగులుగా ఉన్నారని కనిపెట్టి, ఫోన్లో ఒక గ్రూప్‌లో చేర్పించాడు. నీటికాసులు ఉన్నవాళ్ళంతా కష్టసుఖాలు చెప్పుకునే గ్రూప్, దానికి 'పక్కచూపు' అని పేరు. చేర్పించి, చేతులు దులుపుకుని, డ్యూటీకి పోయాడు. వచ్చిన మెసేజ్‌లు చదివి వినిపించడం, మామయ్య చెప్పింది రాయడం నా మెడకు చుట్టుకున్నాయి.

ఆ గ్రూప్‌లో ఎవరికీ అసలు పేర్లు ఉండవు. నడిపేది ఒక రిటైరైన నర్సు, అందరికీ నర్సమ్మ. అడుగడుగునా ఆధారాలు అడిగే ఆయన ఒకరు, లెక్కల మాస్టారు. బస్టాండులో టికెట్లు అమ్మే అమ్మాయి ఒకతె, ఇంటికి పోయేటప్పుడు కిటికీ పక్కన తప్ప కూర్చోదట, అందుకని కిటికీ సీటు. మామయ్య జీవితమంతా షాపులకు బోర్డులు రాసిన మనిషి. ఆయన బోర్డుల తాత అయ్యారు.

బోర్డులు రాసిన చెయ్యి ఊరికే ఉండదు. నాకు చెప్పి రాయించేటప్పుడు కళ్ళు మూసుకుని చూపుడువేలితో గాలిలో అక్షరాలు దిద్దేవారు. "దేవుడు అన్నచోట కాస్త లావుగా రాయమ్మాయ్." ఫోన్లో లావూ సన్నమూ ఉండవన్నాను. "మరదేం రాత," అని విచారించారు. అయినా ఆయన మాటలంటే అక్కడివాళ్ళకు ఇష్టం. పొడుగాటి పేరు పొట్టి బోర్డులో ఎలా ఇరికించాలో, 'క్ష' రాయలేక కుర్ర పెయింటర్లు ఎలా పారిపోయారో చెబుతుంటే, చూపు పోతుందన్న బెంగలో ఉన్నవాళ్ళు కూడా నవ్వేవాళ్ళు. ఇప్పుడాయన చూపు గొట్టంలోంచి చూసినట్టు ఉంటుంది. బోర్డు ఎదురుగా నిలబడితే ఒకసారికి ఒక్క అక్షరమే కనిపిస్తుంది, మిగతావి తడి పొగమంచులో ఉంటాయి. "ఒక్కొక్క అక్షరాన్నే చూస్తుంటే ఎంత అందంగా ఉందో. కళ్ళున్న రోజుల్లో ఎప్పుడూ ఇలా చూడలేదు," అని ఒకసారి రాయించారు. ఆ మాట పంపేముందు నేనే ఇంకోసారి చదువుకున్నాను.

ఎవరికి జవాబు రాయించినా చివర ఒకటే వాక్యం. దేవుడు మీ కళ్ళను చల్లగా చూడాలి. ఒకరోజు లెక్కల మాస్టారు అందుకున్నారు. 'పెద్దాయనా, ఆయన అంత చల్లగా చూసేవాడైతే మనమంతా ఇక్కడెందుకు కలుసుకుంటాం?' చదువుతూ నేను నవ్వాపుకోలేకపోయాను. మామయ్య నొచ్చుకోలేదు. "గట్టివాడే," అన్నారు. నేను మనసులో మాస్టారి పక్షమే.

తర్వాత ఎవరో అడిగారు, ఈ వయసులో ఇన్నేళ్ళుగా చూపు ఎలా నిలబెట్టుకున్నారని. మామయ్య సంబరంగా చెప్పారు, నేను రాశాను. 'పొద్దున్నే కిటికీ దగ్గర కూర్చుంటాను. కళ్ళు మూసుకుని మా అమ్మ నేర్పిన ప్రార్థన చేసుకుంటాను. ఆ కాసేపే నాకు మందు. ఇన్నాళ్ళు నా చూపు నిలిచిందంటే అదే.' మందు సీసా మా ఇద్దరి మధ్య కిటికీ గట్టు మీదే ఉంది. కూర ఎలా చేశావంటే ఉప్పు వేశానని ఎవరు చెబుతారు? ఆ సీసా సంగతి ఆయనకు చెప్పాలనిపించలేదు, నాకు తట్టలేదు. ఆ పోస్టు కింద దండాలు, పూలు, గుండె బొమ్మలు వరసకట్టాయి.

వానలు ముదిరాయి. ఉతికిన బట్ట ఆరదు, కుట్టిన బట్ట చెమ్మవాసన. వీధిలో పొద్దునా మధ్యాహ్నమూ ఒకేలా ఉండి, రోజులు ఒకదాంట్లోకి ఒకటి కారిపోయేవి. అలాంటి ఒక మధ్యాహ్నం ఒళ్ళో సగం కుట్టిన చొక్కా పెట్టుకుని మెసేజ్‌లు చదువుతున్నాను. కిటికీ సీటు రాసింది.

'తాతా, ముందు మీకే చెప్పాలని రాస్తున్నాను. చుక్కలు వేసుకుంటే కళ్ళు మండి ఎర్రబడుతున్నాయి. కౌంటర్లో కూర్చుంటే టికెట్టు కొనేవాళ్ళంతా ఎందుకేడుస్తున్నావమ్మా అని అడగడమే. మీ పోస్టు చదివాక చుక్కలు మానేశాను. నెల దాటింది. రోజూ పొద్దున మీలాగే కళ్ళు మూసుకుని కూర్చుంటున్నాను. మనసు ఎంత హాయిగా ఉందో.'

చదివేటప్పుడు నా గొంతు మామూలుగానే నడిచింది. చివరికొచ్చేసరికి అర్థమైంది.

"మళ్ళీ చదువమ్మా," అన్నారు మామయ్య.

మళ్ళీ చదివాను. ఆయన చెయ్యి చాపి కిటికీ గట్టు తడిమి, మందు సీసా దొరికాక దానిమీద చెయ్యి అలాగే ఉంచారు.

"దీని సంగతి చెప్పలేదు కదూ మనం," అన్నారు.

పెదవి దాటిన మాట పృథివి దాటుతుందంటారు. అప్పటికే దాటింది. సాయంత్రానికి లెక్కల మాస్టారు విరుచుకుపడ్డారు. ఒక పిల్ల చూపు పోతుంటే దండాలు పెడుతూ కూర్చున్నారా అన్నారు, దేవుడి పేరు చెప్పి మందు మాన్పించడం కన్నా పాపం ఏముందన్నారు. ఆయన అన్నదాంట్లో తప్పు లేదు, అన్న తీరు మాత్రం కొరడాలా ఉంది. దాంతో భక్తులూ ఊరుకోలేదు. నమ్మకం లేనివాడికి కళ్ళున్నా ఒకటే లేకున్నా ఒకటే అని ఒకాయన రాశాడు, నీటికాసుల గ్రూప్‌లో. మామయ్య కోసం పోట్లాడుతున్నామని వాళ్ళు అనుకున్నారు. ఆ మాట చదివి వినిపించినప్పుడు మామయ్య, చాలు, ఫోన్ పక్కన పెట్టమన్నారు.

నర్సమ్మ ముందు ఆ అమ్మాయికి ఫోన్ చేసి మాట్లాడింది. తర్వాత గ్రూప్‌లో రాతలన్నీ ఆపేసి చిన్న ప్రకటన పెట్టింది. ఇకమీదట ఇక్కడ దేవుడి ఊసు వద్దు, ఉన్నాడనీ వద్దు, లేడనీ వద్దు. ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఆదివారం లోపల తనకు రాయాలి.

మర్నాడు పొద్దున చుక్క వేశాను. మామయ్య కళ్ళు మూసుకున్నారు, వేలితో కంటి మూల నొక్కిపట్టారు. పెదవులు కదలలేదు. ఆ తర్వాతి రోజూ అంతే. ఉలుకూ పలుకూ లేకుండా, దంతవైద్యుడి దగ్గర కూర్చున్న మనిషిలా కూర్చుని లేచిపోయేవారు. ఇలా జరిగితే నాకు సంతోషంగా ఉంటుందని ఎప్పుడో అనుకున్నాను. ఉండలేదు. ఆ రెండు నిమిషాలూ ఇల్లు ఖాళీ చేసినట్టు అనిపించేది. ఆయన దేవుడు నాకక్కర్లేదు గాని, ఆ దేవుడు లేని మామయ్యను చూడలేకపోయాను.

వాన తెరిపిచ్చిన ఒక సాయంత్రం నడిచొద్దామన్నారు. నా మోచెయ్యి పట్టుకుని వీధి వెంట వచ్చారు. నీళ్ళ గుంటల్లో షాపుల దీపాలు తలకిందులుగా వెలుగుతున్నాయి. మందుల షాపు, చెప్పుల షాపు, టైలరు, సైకిళ్ళ షాపు. ఆయన ఏ బోర్డూ చూడనక్కర్లేదు, అన్నీ ఆయన రాసినవే, కొన్ని వాన దెబ్బకు పెచ్చులూడి ఉన్నాయి. ఆస్పత్రికి దారి చూపించే బాణం దగ్గర ఆగారు.

"ఇది ఎవరికోసం రాశాననుకున్నావ్?"

"ఆస్పత్రికి పోయేవాళ్ళ కోసం."

"ఈ వీధివాళ్ళకు బాణం అక్కర్లేదు, అందరికీ దారి తెలుసు. ఎప్పుడూ రానివాడు, కంగారులో ఉన్నవాడు, వాడి కోసం రాయాలి. నేను మొన్న నాకోసం రాసుకున్నాను. వాడు చదివాడు." వాడంటే ఆ అమ్మాయి. కాసేపు ఆ బాణం వైపు చూస్తూ నిలబడ్డారు. "ఇంకొకటుంది. మా గురువుగారు మొదటి రోజే చెప్పాడు. ఎదుటివాడి గోడమీద అడక్కుండా రాయకు, ఎంత మంచి మాటైనా సరే, వాడికది మచ్చే అన్నాడు. జన్మంతా పాటించాను. ఆ ఫోన్లో గోడలు కనపడక మరిచిపోయాను."

మళ్ళీ తుంపర మొదలైంది. చెప్పుల షాపు పంచకింద నిలబడ్డాం. అప్పుడు ఆయన, ఎటో చూస్తూ, మామూలు గొంతుతో అడిగారు.

"నీ గోడమీద ఎప్పుడైనా రాశానా అమ్మాయ్?"

లేదని చెప్పేసి ఉండొచ్చు. పెద్దాయన, వాన, వీధి. కాని ఏడాదిగా మింగుతున్న ముల్లు, ఇక మింగబుద్ధి కాలేదు. "అమ్మ పోయిన రోజు," అన్నాను. "దేవుడు ఇష్టమైనవాళ్ళను పిలుచుకుంటాడన్నారు. అప్పటినుంచి మీతో మాట్లాడలేకపోయాను మామయ్యా."

చూరు నీళ్ళు మా కాళ్ళముందు వరసగా పడుతున్నాయి. ఆయన నా మోచెయ్యి వదల్లేదు.

"అడగాల్సింది," అన్నారు. "మీ అమ్మ గురించి నువ్వేమనుకుంటున్నావో అడగాల్సింది నేను."

ఆ పంచకిందే చెప్పాను. అమ్మ చెయ్యి ఎంత బరువు తగ్గిపోయిందో, నీళ్ళు కావాలని సైగ చేస్తే అర్థం కాక దుప్పటి కప్పానని, ఏడాదిగా ఎవరికీ చెప్పనివన్నీ. వాన తగ్గేదాకా ఆయన విన్నారు. ఒక్కసారి కూడా దేవుడి పేరెత్తలేదు. ఏడుపు మాత్రం ఇద్దరికీ వచ్చింది. ఈసారి చుక్కలు కావు.

ఇంటికి రాగానే ఫోన్ తియ్యమన్నారు. నర్సమ్మకు రాసి అందరికీ చదివి వినిపించమందాం అన్నారు. ఆరోజు గాలిలో వేలు కదల్లేదు, చేతులు రెండూ మోకాళ్ళ మీద పెట్టుకుని చెప్పారు.

'నేను దేవుణ్ణి నమ్ముతాను. అది నా సంగతి. నేను పొద్దున కళ్ళు మూసుకునేది ముందు చుక్క వేసుకుని. మందు పనిచేసేంతసేపు ఊరికే కూర్చోలేక ప్రార్థన చేసుకుంటాను. చుక్క మాట చెప్పకుండా ప్రార్థన మాట చెప్పాను. తప్పు నాది, దేవుడిది కాదు. అమ్మా కిటికీ సీటూ, నీ చెయ్యి పట్టుకుని అడుగుతున్నాను, డాక్టరు దగ్గరికి వెళ్ళు. మండితే వేరే మందు ఇస్తారు. చుక్క పడ్డాక కళ్ళు మూసుకుని ఏం చేసుకుంటావో నీ ఇష్టం. మాస్టారూ, మీరు కోప్పడ్డందుకు మేలు. నాకోసమని మాస్టారిని అన్నవాళ్ళు నాకోసం అనొద్దు. దేవుడి పేరు తీసెయ్యమంటే తీసేస్తాను. ఉంచనిస్తే నా గోడమీద రాసుకుంటాను. మీ గోడమీద రాయాలంటే ముందు మిమ్మల్ని అడుగుతాను.'

రాయడం అయ్యాక, "దేవుడు మీ కళ్ళను అని చివర రాయనా?" అన్నాను, అలవాటు కొద్దీ. "వాళ్ళు అడగలేదుగా," అన్నారు.

ఆదివారం నర్సమ్మ కొత్త నియమం పెట్టింది. ఎవరి నమ్మకం వాళ్ళు చెప్పుకోవచ్చు, నాకు అని చెప్పుకోవాలి, మీకు అని చెప్పకూడదు. వైద్యం మాట వచ్చినచోట వైద్యం మొత్తం చెప్పాలి. అంతే. ఇంత చిన్న సంగతికి అంత రభస ఎందుకయిందని ఇప్పుడనిపిస్తుంది, మంట ఆరాక అగ్గిపుల్ల చిన్నదిగానే కనిపిస్తుంది.

కిటికీ సీటు పరీక్ష చేయించుకుంది. మందు మార్చారు. ఎడమవైపు అంచున కొంత చూపు పోయింది, ఇక రాదు. ఆ సంగతి ఆమే రాసింది. మామయ్య ఆమెకు ఫోన్ చేయించి క్షమించమని అడిగారు. ఫోన్లో ఆ పిల్ల వెనక బస్సుల హారన్లు వినిపిస్తున్నాయి. "మీ మీద కోపం లేదని చెబితే అబద్ధం తాతా. కొంచెం ఉంది. పోతుందిలెండి," అంది. తర్వాత తనే, "ఇకమీద కిటికీ కుడిచేతివైపు ఉండేలా కూర్చుంటాను," అంది. మామయ్య ఆ రోజు అన్నం సరిగా తినలేదు.

మళ్ళీ మానేస్తానేమో అని భయంగా ఉందని ఆ అమ్మాయే అంటే, నర్సమ్మ ఒక ఉపాయం చేసింది. రోజూ పొద్దున చుక్కల వేళకు గ్రూప్ కాల్. ఇష్టమున్నవాళ్ళు వచ్చి, ఎవరింట్లో వాళ్ళు చుక్క వేసుకుని, కలిసి కళ్ళు మూసుకోవడం. సమయం ఎలా తెలియాలన్నది ప్రశ్న. అప్పుడు బయటపడింది, లెక్కల మాస్టారు ఇన్నేళ్ళుగా కళ్ళు మూసుకుని పంతొమ్మిదో ఎక్కం చదువుకుంటున్నారని. నింపాదిగా ఇరవై దాకా చదివితే సరిగ్గా మందుకు సరిపోతుందట. పంతొమ్మిదే ఎందుకంటే, మిగతావి నోటికొచ్చేసి ఆలోచనలు వస్తాయి, ఇది మాత్రం మనసు పెట్టకపోతే రాదు అన్నారు. "నేను ప్రార్థన చేసేదీ అందుకేనమ్మాయ్," అన్నారు మామయ్య నాతో, మెల్లగా, వాళ్ళకు వినపడకుండా.

అలా మొదలయింది. పంతొమ్మిది ఒకట్ల పంతొమ్మిది. పంతొమ్మిది రెళ్ళు ముప్ఫై ఎనిమిది. మాస్టారిది కాస్త బొంగురు గొంతు, తరగతి గదుల్లో అరిగినది. దాని వెనక ఎవరింటి వానో, ఎవరి పొయ్యిమీదో పొంగే నీళ్ళు, ఎక్కడో బస్టాండు, ఎక్కడో పిట్ట. పంతొమ్మిది మూళ్ళు యాభై ఏడు. మామయ్య పెదవులు మళ్ళీ కదిలేవి. నేనూ మిషను ముందు కళ్ళు మూసుకునేదాన్ని. నాకు జబ్బూ లేదు, చుక్కలూ లేవు, అడగాల్సిన దేవుడూ లేడు. అయినా ఆ ఎక్కంలో ఎక్కడో అమ్మ ముఖం వచ్చేది, బాధపడే ముఖం కాదు, జడ వేసుకుంటున్న ముఖం. ఆ కాసేపు ముఖాలు తెలియనివాళ్ళందరం ఒకే గదిలో ఉన్నట్టుండేది. కళ్ళు తెరిస్తే మళ్ళీ వాన, సగం కుట్టిన చొక్కా.

ఇద్దరు ముసలాళ్ళకూ స్నేహం కుదిరింది. వాదన మాత్రం మానలేదు. ఒకరు తూర్పంటే ఒకరు పడమర, మధ్యలో నేను, ఫోన్ పట్టుకుని. వానలు వెనకబడుతుండగా మాస్టారికి ఆపరేషన్ నిశ్చయమైంది. ఒక కన్ను అప్పటికే పోయింది, ఉన్న ఒక్క కంటికీ ఒత్తిడి మందులకు లొంగడం లేదు. ముందురోజు ఆయనే ఫోన్ చేశారు.

"పెద్దాయనా, ఒక మాట. నాకోసం ప్రార్థన చెయ్యొద్దు."

మామయ్య ఏమీ అనకముందే ఆయన చెప్పుకుపోయారు. చిన్నప్పటినుంచీ ఆయన చూపు అంతంతమాత్రమే. ఇంటినిండా బంధువులు చుట్టూ కూర్చుని ప్రార్థించేవారట. అయిపోగానే వేళ్ళు చూపించి, కనిపిస్తోందా నాన్నా అని అడిగేవారట. వాళ్ళ ముఖాలు చిన్నబోతాయని ఈయన కనిపిస్తోందనేవారట. "అప్పటినుంచి ఎవరైనా నాకోసం ప్రార్థిస్తున్నామంటే, రేపు అబద్ధం చెప్పాలేమోనని భయం వేస్తుంది. రేపొక్కరోజు ఆ బరువు నాకొద్దు."

ఈ మాట మా మామయ్యను అడగడమంటే ఊపిరి బిగబట్టమన్నట్టే. ఆయన చెయ్యి కుర్చీ చేతిమీద బిగుసుకోవడం చూశాను.

"చెయ్యను. మాటిస్తున్నాను," అన్నారు.

మర్నాడు పొద్దున కాల్‌లో అందరూ వచ్చారు. వాన లేదు. చాలా రోజుల తర్వాత కిటికీ గట్టుమీద ఎండ పడింది. చుక్క వేశాను. అందరూ కళ్ళు మూసుకున్నారు గాని, ఎక్కం చదివేవాళ్ళు లేరు. ఆ నిశ్శబ్దంలో ఎవరిదో గోడగడియారం మాత్రం వినిపిస్తోంది. మామయ్య పెదవులు కదలబోయి ఆగాయి. ఇంకోసారి కదలబోయి ఆగాయి. కళ్ళు మూసుకుంటే చాలు, ఆ పేరే ముందొస్తోంది, నాకు తెలుస్తూనే ఉంది.

"పంతొమ్మిది ఒకట్ల పంతొమ్మిది," అన్నారు పైకి.

నేను కళ్ళు తెరిచేశాను. బడి గడప సరిగా దాటని మనిషి, రోజూ విని విని పట్టుకున్నారు. ఒక్కొక్క అంకెనూ గోడమీద అక్షరం దిద్దినట్టు, జాగ్రత్తగా చదివారు. పంతొమ్మిది ఏడులు నూట ముప్ఫై మూడు. పంతొమ్మిది ఎనిమిదులు నూట నలభై రెండు. తప్పు. కాల్‌లో ఉన్న అందరికీ అది తప్పని తెలుసు. ఎవరూ దిద్దలేదు. పదులు దాటి, చెమటలు పట్టి, ఇరవై దాకా చేర్చారు.

ఫోన్ పెట్టేశాక అడిగాను. "ఇవాళ ప్రార్థన చేసుకోలేదా మామయ్యా?"

"ఆయన కోసం చెయ్యనని మాటిచ్చానమ్మా. వేరే ఎవరికోసం చేద్దామన్నా ఇవాళ మనసు పోలేదు." తుడుచుకోవడానికి గుడ్డ కోసం చెయ్యి చాపారు. "అందుకని ఆయనది చదివాను."

ఆపరేషన్ బాగానే అయింది. ఉన్న చూపు ఉంది, అంతకన్నా ఎవరూ ఆశించలేదు. కొన్నాళ్ళకు ఒక పొద్దున కాల్‌లో ఆ బొంగురు గొంతు మళ్ళీ వినపడింది. పలకరింపులైనా కాలేదు.

"పెద్దాయనా, పంతొమ్మిది ఎనిమిదులు ఎంత?"

"నూట యాభై రెండు," అన్నారు మామయ్య, పట్టుబడ్డ పిల్లాడిలా. "ఆ రోజు తడబడ్డాను. మీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు. లోపలికి తీసుకెళ్ళేముందు ఆస్పత్రి మంచం మీద ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని పడుకున్నాను. అంతా విన్నాను."

కిటికీ సీటు ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది. మాస్టారు గొంతు సవరించుకున్నారు.

"ఇవాళ ఎక్కం నేను చదువుతాను. మీరు మీది చేసుకోండి. అందులో నా పేరు వస్తే రానివ్వండి."

నేను చుక్క వేశాను. మామయ్య కళ్ళు మూసుకుని కంటి మూల నొక్కిపట్టారు. ఎక్కం మొదలైంది, పెదవులూ మొదలయ్యాయి. ఇరవైకి చేరింది, మాస్టారు సెలవు తీసుకున్నారు, ఒక్కొక్కరే కాల్‌లోంచి వెళ్ళిపోయారు, ఫోన్ వెలుగు ఆరిపోయింది. మందుకు ఎంతసేపు కావాలో అంతసేపూ అయిపోయింది. మామయ్య కళ్ళు తెరవలేదు. పెదవులు ఇంకా కదులుతూనే ఉన్నాయి. మందు సీసా మూతపెట్టి గట్టుమీద పెట్టాను. చేతులు ఖాళీగానే ఉన్నాయి, సాయంత్రానికి ఇవ్వాల్సిన బట్టలు ఎదురుగానే ఉన్నాయి. అయినా మిషను తొక్కకుండా కూర్చున్నాను.